పిన్ని కారుకు ఆకుపచ్చ రంగు

మనవాళ్ళు నలుగురు కలిసినచోట ఏ సంగతి అడిగినా సమాధానం దొరుకుతుంది. ఏ స్కూలు మంచిది, ఇంటి అప్పు మీద వడ్డీ ఎవరు తక్కువకిస్తున్నారు, గోంగూర ఏ కొట్లో తాజాగా ఉంది, ఇండియాకు టికెట్లు ఏ నెలలో చవక, ఇవన్నీ అడక్కుండానే చెబుతారు. నాబోటి డాక్టరు కనిపిస్తే పనిలో పనిగా తమ మోకాలి నొప్పి సంగతి కూడా చెబుతారు. కాని యాభై అయిదేళ్ళ పాత కారుకు నమ్మకంగా, మనకందే ధరలో రంగు వేసే షాపు ఎక్కడుందని అడిగి చూడండి. అందరూ ఒక్కసారిగా పప్పుచారు వంక చూస్తారు.

ఫ్రీమాంట్‌లో మూడు విందుల్లో అడిగాను. మొదటిచోట “కొత్తది కొనుక్కోండి డాక్టరుగారూ” అన్నారు. రెండోచోట “టెస్లా తీసుకోండి, ఫ్యాక్టరీ మన ఊళ్ళోనేగా” అన్నారు. మూడోచోట ఒక పెద్దాయన మాత్రం “ఏం కారు?” అన్నారు. చెప్పాను. ఆయన కళ్ళు వెలిగాయి. ఆ కారు గురించి అరగంట మాట్లాడారు. షాపు మాత్రం ఆయనకూ తెలియదు. మన పత్రికకు ఏదైనా రాయమని సంపాదకులు అడుగుతూనే ఉన్నారు గనుక, ఏడెనిమిది నెలలపాటు తిరిగి తెలుసుకున్నది రాస్తున్నాను. మందులూ మాత్రల గురించి రాయలేదని వారు నొచ్చుకోకూడదు.

కారు నాది కాదు, మా పిన్నిది. 1969 షెవర్లే షెవెల్ మాలిబూ. మా బాబాయి 1974లో 1,100 డాలర్లు పెట్టి కొన్నాడు. అంతకుముందు 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు నిషేధం పెట్టాయి. పెట్రోలు బంకుల ముందు బారులు తీరవలసి వచ్చి, పెద్ద ఇంజన్ల కార్లు జనానికి మొహం మొత్తాయి. కొత్తగా వచ్చిన ఇంజనీరుకు అందుబాటులోకి వచ్చింది అలాంటి కారే. 1975లో పిన్నిని పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. తెనాలిలో సైకిలు కూడా తొక్కని పిన్ని ఆ కారు మీదే డ్రైవింగు నేర్చుకున్నది. అప్పుడది ముదురు ఆకుపచ్చ. 1988లో ఎవరో చవకగా చేస్తామంటే బాబాయి తెల్లరంగు వేయించాడు. అది ఆమెకు ఏనాడూ నచ్చలేదు. “ఆస్పత్రి బండిలా ఉందిరా” అనేది. నేను డాక్టరునయినా నా ముందే అనేది.

2022లో బాబాయి పోయాడు. పిల్లలిద్దరూ ఒకరు టెక్సాస్‌లో, ఒకరు బోస్టన్‌లో. అమ్మెయ్యమన్నారు. వాళ్ళ మాటలో తప్పు లేదు. దీన్ని చూసుకోవటానికి ఇక్కడ ఎవరూ లేరు, తెల్లరంగు పొలుసుల్లా లేస్తున్నది, వెనక చక్రాల దగ్గర తుప్పు కనిపిస్తున్నది. ఇంకో రెండు వానాకాలాలు ఇలాగే పోతే రేకు మిగలదు. పిన్నికి 71 ఏళ్ళు. పగటిపూట మిషన్ బులవార్డు మీద నైల్స్ దాకా తనే నడుపుకుని వెళ్ళి వస్తుంది. అమ్మనన్నది. నన్ను పిలిచి చెక్కుబుక్కు ముందు పెట్టింది. “తొమ్మిది వేలు ఉన్నాయి నాయనా. మీ బాబాయి ఇన్సూరెన్సు డబ్బులో నేను నా కోసమని తీసిపెట్టుకున్నది ఇంతే. దీంట్లో అవుతుందంటే చేయించు. కాదంటే అదీ చెప్పు. మధ్యలో ఆగిపోతే మాత్రం ఊరుకోను.”

సొంత డబ్బయితే పోతే పోయిందనుకుంటాం. పెద్దదాని డబ్బు, అదీ ఒక్కసారి ఖర్చుపెడితే మళ్ళీ రానిది, చేతిలో పెట్టినప్పుడు నమ్మకం అన్న మాటకు అర్థం మారిపోతుంది.

ఇక్కడ కారు పుట్టుక సంగతి ఒకటి చెప్పాలి. డాష్‌బోర్డు మీద అద్దంలోంచి కనిపించే చిన్న పలకలో కారు నంబరు ఉంటుంది. అందులో ఇంగ్లీషు అక్షరమాలలో చివరి అక్షరం, జెడ్, ఉంది. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ వారి లెక్కలో ఆ అక్షరానికి అర్థం ఫ్రీమాంట్. అంటే ఈ కారు పుట్టింది మన ఊళ్ళోనే, వార్మ్ స్ప్రింగ్స్ వైపున్న ఫ్యాక్టరీలో. జనరల్ మోటార్స్ 1982లో దాన్ని మూసేసింది. 1984 నుంచి 2010 దాకా టయోటాతో కలిసి నుమ్మీ అనే పేరుతో నడిపారు. 2010లో టెస్లా కొన్నది. విందులో టెస్లా కొనుక్కోమన్నాయనకు ఈ సంగతి చెబితే, “అయితే మీ పిన్నిగారిది పాత టెస్లా అన్నమాట” అన్నారు.

ఇంజను వెనక రేకు మీద ఇంకో పలక ఉంటుంది. దాని మీద రంగు అంకె 57. ఆ సంవత్సరం షెవర్లే పట్టికలో 57 అంటే ఫాథమ్ గ్రీన్, లోతైన సముద్రపు ఆకుపచ్చ. పిన్ని జ్ఞాపకం సరిగ్గానే ఉంది.

మన ఊళ్ళో అయితే ఈ పని ఎలా జరిగేదో మీకు తెలుసు. నా చిన్నప్పుడు మా నాన్నగారి అంబాసిడర్‌కు విజయవాడ ఆటోనగర్‌లో రంగు వేయించారు. నాలుగు రోజులు నాన్నగారు సెలవు పెట్టి షెడ్డు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. టింకరింగు చేసేవాడు రేకు కొడుతుంటే చూశారు, లప్పం పెడుతుంటే చూశారు, వాటర్ పేపరుతో రుద్దుతుంటే “ఇక్కడ ఇంకాస్త” అన్నారు. మధ్యలో అందరికీ టీలు తెప్పించారు. పెయింటరు మీద నమ్మకం ఉండి కాదు. కూర్చున్నారు గనుక నమ్మకం అవసరం రాలేదు, అంతే. మనం డ్యూకో పెయింటు అంటామే, ఆ మాట కూడా ఇక్కడినుంచి వచ్చిందే. డ్యూపాంట్ కంపెనీ, జనరల్ మోటార్స్ కలిసి 1923లో బజారులోకి తెచ్చిన లాకర్ రంగు పేరది. అంతకుముందు కారు మీద వార్నిషు పూత మీద పూత వేసి ఆరబెట్టటానికి వారాలు పట్టేది. డ్యూకో గంటల్లో ఆరేది. కంపెనీ పేరు మరిచిపోయి మనవాళ్ళు బీరువాలకు కూడా డ్యూకో వేయిస్తారు.

ఇక్కడ స్టూలు వేసుకుని కూర్చోనివ్వరు. లోపల దెబ్బ తగిలితే తమది బాధ్యత అంటారు, ఇన్సూరెన్సు ఒప్పుకోదంటారు. తాళాలు ఇచ్చి ఇంటికి వెళ్ళాలి. మూడు నెలల తర్వాత మెరుస్తున్న కారు చూపిస్తారు. ఆ మెరుపు కింద ఏముందో ఆ రోజు ఎవరికీ కనిపించదు. రెండేళ్ళకు కనిపిస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ధర తెలుసుకోవటం తేలిక, కంటికి కనిపించని పనిని నమ్మటమే కష్టం.

షాపులు చూడటం మొదలుపెట్టాను. ఫ్రీమాంట్, న్యూఆర్క్, యూనియన్ సిటీ, హేవర్డ్ అన్నీ తిరిగాను. మొత్తం మీద మూడు రకాలని తేలింది.

మొదటిది చవక రకం. దీనికి ఈ దేశంలో పెద్ద చరిత్రే ఉంది. 1937లో లాస్ ఏంజెలెస్‌లో ఎర్ల్ షైబ్ అనే ఆయన మొదలుపెట్టిన దుకాణాలు, ఏ కారుకైనా 29 డాలర్ల 95 సెంట్లకు రంగు వేస్తామని ప్రకటించి దేశమంతా పాకాయి. అవి 2010లో మూతపడ్డాయి. ఆ పద్ధతి మాత్రం పోలేదు. నేను చూసిన ఒకచోట 2,400 డాలర్లన్నారు. పాత రంగును పైపైన గరుకు చేసి, క్రోమ్ పట్టీలకు కాగితం అంటించి, కొత్త రంగు కొడతారు. రోజువారీ తిరిగే పదేళ్ళ కారుకు అది తప్పేమీ కాదు, చెప్పే చేస్తారు కూడా. కాని పిన్ని కారుకు అసలు రంగు అక్రిలిక్ లాకర్. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ వాడింది అదే. దాని మీద 1988లో వేసిన తెల్లపూత. ఆ రెండూ పొసగక బీటలు తీశాయి. ఆ బీటల మీద మూడో పూత వేయటమంటే చీము ఉండగా కుట్లు వేయటమే. గుంటూరు మెడికల్ కాలేజీలో మా సర్జరీ ప్రొఫెసరుగారు వింటే స్కేలుతో చేతి మీద కొట్టేవారు.

రెండో రకం పాత కార్లను పునరుద్ధరించే షాపులు. అక్కడి పని చూస్తే కళ్ళు చెదురుతాయి. ఒకచోట 28,000 అన్నారు, ఏడాదిన్నర పడుతుందన్నారు. మోసమేమీ లేదు. బోల్టు బోల్టు విప్పి, ప్రతి రేకూ విడిగా రంగు వేసి బిగిస్తారు. ఆ 1969 షెవెల్‌లో ఎస్.ఎస్. 396 అనే రకం ఉంది. దానికైతే గిరాకీ ఎక్కువ గనుక అంత పెట్టినా అర్థముంది. మనది మామూలు మాలిబూ. రంగు ఖరీదు కారు ఖరీదును దాటిపోతుంది.

మూడో రకం ప్రమాదాల్లో దెబ్బతిన్న కార్లు బాగుచేసేవి. ఇన్సూరెన్సు కంపెనీలు పంపే పనితో వాళ్ళకు తీరిక ఉండదు. పాత కారు అనగానే “మేము చెయ్యం” అని మర్యాదగా పంపేస్తారు. దానికీ కారణం ఉంది. కొత్త కారు తలుపు మారిస్తే ఎన్ని గంటలు పడుతుందో పట్టికలో ఉంటుంది. పాత కారు రంగు గీకితే కింద ఏముంటుందో ఏ పట్టికలోనూ ఉండదు.

నా స్నేహితుడొకాయన, సాఫ్ట్‌వేరులో పెద్ద ఉద్యోగం, “గన్ను అద్దెకు తెచ్చుకుని మన గరాజులో మనమే కొట్టేద్దాం” అన్నాడు. డాక్టరుగా దానికి మాత్రం గట్టిగా కాదన్నాను. ఇది చదువుతున్న వారిలో ఆ సరదా ఉన్నవాళ్ళు ఉంటారు గనుక కారణం చెబుతాను. ఈనాటి మెరుపు పూతల్లో కలిపే గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో వేలమందిని పొట్టన పెట్టుకున్నది మిథైల్ ఐసోసయనేట్. పెయింటులో ఉండేది ఆ వాయువు కాదు, కాని ఆ కుటుంబానిదే. దీని పొగమంచు పీల్చిన పెయింటర్లకు ఉబ్బసం పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకున్నదంటే, తర్వాత ఏ కొంచెం సోకినా ఊపిరి ఆడదు. వృత్తివల్ల వచ్చే ఉబ్బసానికి ముఖ్యకారణాల్లో ఇదొకటని మా పుస్తకాల్లో ఉంటుంది. మామూలు గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు. బయటినుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందే మాస్కు కావాలి. పైగా ఆ కాలపు కార్ల రంగుల్లో సీసం ఉండవచ్చు. ఉప్పుకాగితంతో రుద్దితే లేచే దుమ్ము పసిపిల్లలున్న ఇంట్లో ఉండవలసింది కాదు.

అక్కడినుంచి నాకొక ఉపాయం తోచింది. పెయింటు పనితనం చూసి మంచిచెడ్డలు చెప్పే చూపు నాకు లేదు. మనుషుల ఊపిరితిత్తుల సంగతి మాత్రం తెలుసు. అందుకని ప్రతి షాపులోనూ రంగు సంగతి అడగటం మానేసి, రంగు కొట్టేవాడి మొహం మీద ఏముందో చూడటం మొదలుపెట్టాను. ఒకచోట కుర్రవాడు ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని గన్ను పట్టుకున్నాడు. యజమాని ఆఫీసులో చక్కటి తోలుసోఫా ఉంది. సోఫా మీద కూర్చోకుండానే వచ్చేశాను. పనివాడి ప్రాణానికి ఖర్చు తగ్గించినవాడు రంగు కింద ప్రైమరుకు ఖర్చు పెడతాడని ఎలా అనుకోవటం?

చివరికి హేవర్డ్‌లో రైలు పట్టాల పక్క వీధిలో ఒక షెడ్డు దొరికింది. యజమానికి అరవై పైనే. కాబూలు మనిషి. మన ఫ్రీమాంట్‌లో సెంటర్‌విల్ చుట్టుపక్కల ఆఫ్ఘన్ కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలిసిందే. ఆయన కూడా సోవియట్ యుద్ధం రోజుల్లో దేశం వదిలి వచ్చినవాడే. హిందీ సినిమాలు చూసి నేర్చిన హిందీ ఆయనది. రైలు ప్రయాణాల్లో నేర్చిన గుంటూరు హిందీ నాది. రెండూ కలిసి ఎలాగో నడిచాయి. పెయింటు గది తలుపు తెరిచి చూపించాడు. గోడకు గాలి గొట్టం, దానికి తగిలించిన మాస్కు, పక్కన గ్లవ్సు పెట్టె. నేను అడక్కముందే “నాకు ఇద్దరు కుర్రాళ్ళున్నారు డాక్టర్ సాబ్, వాళ్ళు నాకంటే ఎక్కువకాలం బతకాలి” అన్నాడు.

ధర ఎంతన్నాను. చెప్పనన్నాడు. “తెల్లరంగు కింద ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. గీకి రేకు దాకా తీయటానికి 1,800. తీశాక మీరొచ్చి చూడండి. అప్పుడు మిగతా ధర రాసిస్తాను. నచ్చకపోతే కారు తీసుకుపొండి.” అప్పటిదాకా నేను వెళ్ళిన షాపులన్నీ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి అంకె చెప్పాయి. ధర చెప్పనన్నవాడు ఈయనొక్కడే. రక్తపరీక్ష చెయ్యకుండా జబ్బు పేరు చెప్పే డాక్టరును నేను నమ్మను. అదే లెక్కన ఈయన నాకు నచ్చాడు.

నచ్చినంతమాత్రాన చాలదు గదా, పిన్ని డబ్బు. మూడు పనులు చేశాను. మొదటిది, కాలిఫోర్నియాలో కారు బాగుచేసే ప్రతి షాపూ బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ అనే ప్రభుత్వ శాఖ దగ్గర నమోదై ఉండాలి. ఆ నమోదు సరిగ్గా ఉన్నదా, ఏవైనా చర్యలు తీసుకున్నారా అన్నది ఎవరైనా చూసుకోవచ్చు. చూశాను, బాగుంది. రెండోది, కొత్తగా రంగు వేసిన కారు కాక, మూడేళ్ళ క్రితం వేసింది చూపించమన్నాను. యూనియన్ సిటీలో ఒక పికప్ ట్రక్కు యజమాని దగ్గరికి పంపాడు. గుడ్డ చుట్టిన అయస్కాంతం పట్టుకువెళ్ళి తలుపుల కింద, చక్రాల పైన ఆనించి చూశాను. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. ఎక్కడా జారలేదు. ఆ ట్రక్కు యజమాని నన్ను చూసి నవ్వాడు, తనూ అలాగే చూశాడట. మూడోది, ప్రతి దశలోనూ, మీద పూత వేయకముందు నేను వచ్చి చూస్తానన్నాను. కాబూలాయన “శుక్రవారాలు మధ్యాహ్నం తర్వాత రండి, చాయ్ ఉంటుంది” అన్నాడు. ఎన్నో ఏళ్ళకు మా నాన్నగారి స్టూలు నాకు దొరికింది.

2024 నవంబరులో కారు ఇచ్చాం. తెల్లరంగు పోయింది, దానికింద ఆకుపచ్చ పోయింది, రేకు బయటపడింది. వెనక చక్రాల కింద రెండువైపులా అరచెయ్యంత మేర రేకు లేదు. లప్పం మాత్రమే ఉంది. అప్పుడు ఆయన లెక్క రాశాడు. గీకటానికి ఇచ్చిన 1,800 కాక, తుప్పు కోసి కొత్త రేకు అతకటానికి 2,300, ఎపాక్సీ ప్రైమరు వేసి చదును చెయ్యటానికి 2,200, రంగూ మెరుపు పూతా కలిపి 2,700, పైకప్పు మీది నల్ల వినైల్ గుడ్డకు 900, పట్టీలు, బంపర్లు, లైట్లు విప్పి బిగించటానికి 1,500. అన్నీ కలిపి 11,400.

ఈ లెక్క చూస్తే మీకూ అర్థమవుతుంది, రంగు ధర అసలు రంగుది కాదు. ముప్పాతిక వంతు మిగతా పనులది. చవక షాపు తగ్గించేది అదే. పిన్నికి ఫోన్ చేశాను. “తొమ్మిదన్నాను గదరా” అంది. కాబూలాయనకు ఆ మాట చెప్పాను. బేరమాడలేదు, ఇంతే ఉందని చెప్పాను. ఆయన కొంచెం ఆలోచించి, “ధర తగ్గించమంటే పని తగ్గించాలి. ఏ పని తగ్గించాలో నన్ను చెప్పనివ్వండి” అన్నాడు. ప్రైమరు తగ్గించడట. పట్టీలు మనం విప్పుకుని మనం బిగించుకుంటే 1,500 మిగులుతాయి. తొందరపెట్టకుండా, వేరే పని లేని రోజుల్లో చెయ్యనిస్తే ఇంకో 600 తగ్గిస్తాడు. లెక్క 9,300కు వచ్చింది.

రెండు ఆదివారాలు నేను, మా ఆవిడ, మా అబ్బాయి పట్టీలు విప్పాం. ప్రతి పట్టీకీ దాని మరలు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, మా ఆవిడ తెలుగులో చీటీలు రాసింది. “ఎడమ తలుపు, పైన”, “కుడి లైటు చుట్టూ” అని. షాపులో కుర్రాడొకడు ఆ చీటీలు చూసి ఇవేం బొమ్మలని అడిగాడు. మా భాష అన్నాను. జిలేబీల్లా ఉన్నాయన్నాడు. జిలేబీ అన్న మాట వాళ్ళకూ ఉంది, అలాగే తింటారు కూడా.

జనవరిలో ఒక మంగళవారం ఆస్పత్రిలో ఉండగా ఫోన్ వచ్చింది. వెనక అద్దం తీశాడట. అద్దం కూర్చునే గాడి కింద వైపు తుప్పు తినేసిందట. ఈ తరం జనరల్ మోటార్స్ కార్లకు వినైల్ కప్పు ఉంటే ఇది మామూలు జబ్బేనట. గుడ్డ కింద నీరు నిలిచి, గాడిలోకి దిగి, డిక్కీలోకి కారుతుంది. “ఇంకో 650 అవుతుంది. మీరు ఊ అనేదాకా ముట్టుకోను” అన్నాడు. ముందు రాసిచ్చిన ధర దాటితే మన అనుమతి లేకుండా చెయ్యకూడదని ఇక్కడి చట్టం కూడా చెబుతుంది. చట్టం కోసం చేశాడో, స్వభావం కొద్దీ చేశాడో నాకక్కర్లేదు. అద్దం మళ్ళీ బిగించేసి ఉంటే నాకు ఏనాడూ తెలిసేది కాదు.

పిన్నిని వెంటబెట్టుకుని శుక్రవారం వెళ్ళాను. ఆమె ఆ గాడిలోకి వేలు పెట్టి చూసింది. వేలు అవతలికి వచ్చింది. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. “ఆ నల్లగుడ్డ వల్లనేనా ఇదంతా?” అంది. అవునన్నాం. “అయితే ఆ గుడ్డ వద్దు. మీ బాబాయికి సరదా అది, నాకు కాదు. పైన కూడా ఆకుపచ్చే వెయ్యమను.” 900 తగ్గింది, 650 పెరిగింది. 9,050 దగ్గర ఆగింది. ఆ 50 నేనిస్తానంటే పిన్ని ఒప్పుకోలేదు. నాకు చీవాట్లు పెట్టి, పర్సులోంచి తీసి ఇచ్చింది.

ఏప్రిల్‌లో కారు వచ్చింది. ఫ్యాక్టరీ వేసిన లాకర్ ఇప్పుడు ఇక్కడ వేయరు. బే ఏరియాలో వాయుకాలుష్య నిబంధనలు కఠినం. అంకె 57కు సరిపోయేలా ఈనాటి రంగు కలిపి, మీద మెరుపు పూత వేశాడు. దగ్గరికి వెళ్ళి వెతికితే ఎడమ తలుపు అంచున చిన్న దుమ్ము నలుసు ఉంది. ఆయనే చూపించాడు. ప్రదర్శనకు పెట్టే కారు కాదిది, నడిపే కారు. ఎండలో నిలబెడితే పచ్చగా, నీడలో దాదాపు నల్లగా కనిపిస్తుంది. పిన్ని పిల్లలకు ఫోటోలు పంపింది. బోస్టన్ అబ్బాయి “అమ్మా, మనం దీంట్లోనే యోసెమిటీ వెళ్ళాం గదూ” అని అడిగాడట. అమ్మమనే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ తిరుగుడంతా తిరిగాక నా వృత్తి గురించి ఒక సంగతి తోచింది. మన ఊరి ఆస్పత్రిలో రోగి మంచం చుట్టూ పదిమంది బంధువులుంటారు. ఏ సూది వేస్తున్నారు, ఎందుకు వేస్తున్నారు అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. చదువుకునే రోజుల్లో అది మాకు విసుగ్గా ఉండేది. ఇక్కడ రోగి ఒంటరిగా వచ్చి, నాలుగు పేజీల కాగితం మీద సంతకం పెట్టి, తనను నా చేతిలో పెడతాడు. నా డిగ్రీ ఏ ఊరిదో, ఆ ఊరు ఎక్కడుందో అతనికి తెలియదు. నా పని మంచిదో కాదో చూసే చూపు అతనికి లేదు. మరి దేన్ని చూసి నమ్ముతున్నాడు? చేతిరుమాలు కట్టుకున్న పెయింటరులో నేను చూసినట్టు, అతను కూడా నాలో తనకు తెలిసినదేదో చూస్తూ ఉండాలి. చేతులు కడుక్కున్నానా, తెలియనిది తెలియదన్నానా, అడక్కముందే చెప్పానా, ఇలాంటివి. అది తోచినప్పటినుంచి స్కాన్ చిత్రాలను రోగి వైపు తిప్పి చూపించటం అలవాటు చేసుకున్నాను. ఒక్కొక్కరికీ అయిదు నిమిషాలు ఎక్కువ పడుతోంది. మా క్లినిక్కు మేనేజరుకు అది నచ్చటం లేదు.

ఇక మీలో ఎవరికైనా ఇలాంటి పని పడితే పనికొస్తాయని నాలుగు ముక్కలు. రంగు ధర అడిగేముందు కారును దేనికి వాడతారో తేల్చుకోండి. నడపటానికైతే ప్రదర్శన స్థాయి రంగుకు డబ్బు పెట్టకండి, కాని రేకు పనికీ ప్రైమరుకూ వెనకాడకండి. రాతపూర్వకమైన అంచనా తీసుకోండి. అది మీ హక్కు. తీసేసిన పాత భాగాలు మీకు కావాలంటే పని మొదలుపెట్టకముందే చెప్పండి. మూడేళ్ళ క్రితం వేసిన రంగు చూడండి, కొత్తది ఎవరిదైనా మెరుస్తుంది. పాత ఆకుపచ్చ కావాలంటే ఇంజను వెనక పలక మీది అంకె రాసుకోండి, జ్ఞాపకం మీద ఆధారపడకండి. మా పిన్ని జ్ఞాపకం సరే, అందరికీ అంత ఉండదు.

షాపు పేరు ఇక్కడ రాయలేదు. ఆయన రాయవద్దన్నాడు. పని ఎక్కువైతే శుక్రవారం చాయ్ మానుకోవాలట. నిజంగా అవసరమైనవాళ్ళు నన్ను అడిగితే చెబుతాను. విందులోనే అడగండి, మోకాలి నొప్పి సంగతి చెప్పాక.

శలవు.